అల్లుడుగారి మైకు నా కాలరుకి

సహకార బ్యాంకులో ఉద్యోగం వదిలేసి పెళ్లి వీడియోలు తీయడం మొదలుపెట్టిన మనిషి ఎన్ని రకాలుగా పరువు పోగొట్టుకోవచ్చో మీరే ఊహించుకోండి. కెమెరా కాలవలో పడేయచ్చు. తాళి కట్టే వేళకి బ్యాటరీ అయిపోవచ్చు. నేను అవేవీ చెయ్యలేదు. వాటికంటే పెద్దదే చేశాను, అది కూడా పూర్తి మర్యాదతో చేశాను.

అమలాపురంలో మా బ్యాంకుకి వచ్చినవాళ్లు ముందు నా కౌంటరు దగ్గరికే వచ్చేవారు. ఎవరు ఏం చెప్పినా చిత్తమన్నట్టు 'ఆయ్' అనడం నా పని. చెప్పేవాళ్లు మధ్యలో తడబడితే మిగతా మాట నేనే అందించేవాణ్ణి. ఇలా ఏళ్ల తరబడి సుఖంగా ఉండగా, మా మేనల్లుడి పెళ్లిలో నేను ఫోనుతో తీసిన వీడియో చూసి ఎవరో "మీలో కళ ఉందండి" అన్నారు. నలభై దాటిన మగాడితో అనకూడని మాట అది. నెల తిరక్కుండా రాజీనామా ఇచ్చి కెమెరా కొన్నాను.

మా ఆవిడ పద్మ అరవలేదు, ఏడవలేదు. కాఫీ గ్లాసు చేతికిచ్చి చెప్పింది.

"ఒక్క పెళ్లి చూస్తానండి. బాగా వచ్చిందా, సరే. లేదంటే మా పెదనాన్నగారి పురుగుమందుల కొట్లో కూర్చోండి. ఆయన నమ్మకమైన మనిషి కోసం చూస్తన్నారు."

ఆ కొట్టు వాసన మీకు తెలియదు. ఆయన పక్కన కూర్చుంటే మన అన్నం కూడా అదే వాసన వేస్తుంది.

ఆ ఒక్క పెళ్లీ కొత్తపేటలో సత్తిబాబుగారి అమ్మాయిది. ఆయనది కొబ్బరి వ్యాపారం, ఒక్కతే కూతురు.

"పాటలు మీ ఇష్టమండి, ఎన్నయినా ఎక్కించండి," అన్నారాయన. "నాతిచరామి దగ్గరా, అప్పగింతల దగ్గరా మాత్రం ఎవరి మాట వాళ్లకి వినపడాలండి. మా అమ్మ మండపం దాకా రాలేరండి, మోకాళ్లు. ఇంట్లో కూర్చుని ఆ రెండూ వినాలని ఆవిడ కోరిక."

"ఆయ్," అన్నాను.

ధర్మంలోనూ అర్థంలోనూ కామంలోనూ ఈమెను దాటి నడవను అని పెళ్లికొడుకు మూడుసార్లు ఇచ్చే మాటే నాతిచరామి. ఆ మాట స్పష్టంగా రావాలని కొత్తగా కాలరు మైకు కొన్నాను. చొక్కాకి గుచ్చుకునే చిన్న క్లిప్పు అది. దాన్ని పెళ్లికొడుక్కి పెట్టాలి. పెడదామని వెళ్లేసరికి మామగారు ఆయన కాళ్లు కడుగుతున్నారు. మామగారు కాళ్లు కడుగుతున్న మనిషి ఉత్తరీయం పక్కకి లాగి నేను క్లిప్పు తగిలించడమా? కోనసీమలో కొత్త అల్లుడుగారికి కుర్చీ జరపాలన్నా ఇద్దరిని అడిగి జరుపుతారు. మైకు ఎవరి ఒంటిమీద ఉంటేనేం, నేను ఆయన పక్కనే నిలబడతాను కదా అనుకుని నా కాలరుకే పెట్టుకున్నాను. పెద్దల మధ్య చెవులు మూసుకుని నిలబడితే బాగుండదని హెడ్‌ఫోన్లు సంచిలోనే ఉంచేశాను.

పెళ్లి సవ్యంగా జరిగిందనే అనుకున్నాను. ఇంటికొచ్చి సౌండు కట్టేసి ఎడిటింగు చేశాను. మా అమ్మాయికి పరీక్షలు మరి. సత్తిబాబుగారు చెప్పిన రెండు చోట్లా మాటల్ని ఉన్నవి ఉన్నట్టు వదిలేసి, మిగతా అంతా పాటలు ఎక్కించాను. అప్పుడైనా హెడ్‌ఫోన్లు పెట్టుకోవచ్చు కదా అని మీరు అడుగుతారు. దయచేసి అడక్కండి.

పదహారు రోజుల పండుగనాడు సత్తిబాబుగారి హాల్లో వీడియో వేశారు. కొత్త దంపతులూ, చుట్టాలందరూ వచ్చేశారు. ముందు కుర్చీలో ఆయన తల్లిగారు కళ్లజోడు తుడుచుకుని సిద్ధంగా ఉన్నారు. పద్మ పట్టుచీర కట్టుకుని మరీ వచ్చింది. ఆ పండుగ కూడా తీయమన్నారు కాబట్టి నా సంచి భుజానే ఉంది.

నాతిచరామి ఘట్టం వచ్చింది. పంతులుగారి గొంతు నూతిలోంచి వచ్చినట్టు వినిపించింది.

"నాతిచరామి అనండి బాబూ."

"ఆయ్," అంది టీవీ. అది నా గొంతు.

"కొంచెం గట్టిగా బాబూ."

"నాతిచరామి," అన్నాను నేను. పెళ్లిలో కౌంటరు అలవాటు కొద్దీ గొణిగింది ఇప్పుడు హాలంతా మోగిపోయింది. తెరమీద పెళ్లికొడుకు పెదవులు కదులుతున్నాయి. ఆ పెదవులకి నా గొంతు ఎంత చక్కగా కుదిరిందంటే, పెద్దావిడ ముందు మెచ్చుకున్నారు.

"అల్లుడుగారిది మంచి గొంతురా."

"అది అల్లుడుగారిది కాదమ్మా," అన్నారు సత్తిబాబుగారు నావైపు చూస్తూ.

ఇంకా రెండుసార్లు ఉంది. ఆ రెండుసార్లూ నేనే అన్నాను. రిమోటు సత్తిబాబుగారి చేతిలో ఉంది. పెద్దవారి చేతిలోంచి లాక్కోలేను కదా. అలా నిలబడి ఉండగానే అప్పగింతలు కూడా వచ్చేశాయి.

"బాబూ, ఒక్కతే పిల్లండి," అని తెరమీద సత్తిబాబుగారు ఏడుస్తున్నారు. "తెలియక ఏదైనా అంటే కడుపులో పెట్టుకోండి."

పెళ్లికొడుకు చేతులు జోడించాడు. మాట మాత్రం నాది.

"ఆయ్. మీరేం బెంగ పెట్టుకోకండి. అన్నీ నేను చూసుకుంటానండి."

ఆ తర్వాత వినిపించిన ముక్కు చీదుడు కూడా నాదే.

సత్తిబాబుగారు టీవీ కట్టేశారు. ఎవరూ నవ్వలేదు. నవ్వి ఉంటే బాగుండేది. పురుగుమందుల వాసన ముక్కుకి తగిలింది.

"ఇంతకీ మన పిల్లని చూసుకుంటానని మాటిచ్చింది ఎవర్రా?" అన్నారు పెద్దావిడ.

"వీడియో ఆయనమ్మా."

"మరి అల్లుడుగారో?"

పెళ్లికొడుకు ఎర్రబడిపోయాడు. "నేనూ అన్నానండి మామ్మగారూ. మెల్లిగా అన్నాను."

"మెల్లిగా అంటే నాకెలా వినపడద్ది నాయనా? ఇప్పుడనండి, వింటాను."

పద్మ లేచింది. నా సంచిలోంచి మైకు తీసి, తిన్నగా పెళ్లికొడుకు దగ్గరికి వెళ్లి, "ఏమీ అనుకోకండి బాబూ," అని చొక్కాకి తగిలించింది. ఆకాశం విరిగి పడలేదు. తర్వాత నా దగ్గరికొచ్చి హెడ్‌ఫోన్లు నా చెవులకి పెట్టి, "మీరు నోరు మాత్రం తెరవకండి," అంది.

నేను కెమెరా ఎత్తాను. ఆ అబ్బాయి భార్య చెయ్యి పట్టుకుని, మామ్మగారి ముందు గట్టిగా నాతిచరామి అన్నాడు. మూడోసారి అంటూంటే పెళ్లికూతురు ఏడ్చేసింది. పెద్దావిడ ఇద్దరి తలలూ నిమిరారు. నాకూ 'ఆయ్' అని వచ్చింది గానీ పళ్ల వెనకే ఆపేశాను. నా జన్మలో తీసిన మంచి వీడియో అదొక్కటే.

"ఆ ముక్క అతికించి ఇచ్చేయండి," అన్నారు సత్తిబాబుగారు. "మా బావమరిదిగారి అబ్బాయి పెళ్లి కూడా ఉందండి. దానికీ రండి. మీ ఆవిడగారిని కూడా తీసుకురండి."

తిరుగు ప్రయాణంలో బండి మీద పద్మ నా సంచి ఒళ్లో పెట్టుకుని కూర్చుంది.

"కొట్టు బెడద తప్పినట్టేనా?" అన్నాను.

"తప్పింది లెండి. మన పెళ్లిలో నాతిచరామి అనమంటే మీరేమన్నారో గుర్తుందా?"

"ఏమన్నాను?"

"ఏమీ అన్లేదు. తలూపేరు."

బండి కాలవగట్టున ఆపాను. కొబ్బరికాయల ట్రాక్టరు వెళ్లేదాకా ఆగి, ఆ మాట మూడుసార్లూ అన్నాను. పద్మ తీరిగ్గా విని, "ఆయ్," అంది.

కాబట్టి ఇది చదివినవాళ్లందరి సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. ధర్మమందుగానీ, అర్థమందుగానీ, షూటింగునందుగానీ, ఇకమీదట ఒకరి భార్యకి నేను మాటివ్వను. ఇచ్చిన మాట ఇంట్లోనే సరిపోయేంత ఉంది.