గడ్డి డ్రమ్ముకు లక్క సీలు

సారా ఊట ధ్వంసం చేసిన వార్తలు పేపర్లో నా ఉద్యోగంలో చాలా దిద్దాను. అన్నిటికీ దాదాపు ఒకటే ఫొటో: వరసగా నిలబడ్డ ఎక్సైజ్ సిబ్బంది, ఒకరి బూటు నీలం ప్లాస్టిక్ డ్రమ్ము మీద, కింద మట్టిలోకి పారుతున్న బెల్లపు ఊట. సారా కాయడానికి పులియబెట్టిన ఆ నీళ్ళు నేలపాలైతే మాకు సింగిల్ కాలమ్. ఆ డ్రమ్ము నా చెల్లెలిది కావచ్చునని ఎన్నడూ అనుకోలేదు.

చెల్లి విశాఖలో ఒక కాలేజీలో కెమిస్ట్రీ చెబుతుంది. పద్మనాభం దగ్గర అత్తవారి పొలంలో ఒక రేకుల షెడ్డు ఉంది. కోతలయ్యాక చుట్టుపక్కల వాళ్ళు తగలబెట్టే వరిగడ్డిని అక్కడికి తెప్పించి, ముక్కలు కొట్టించి, కాస్టిక్ సోడా నీళ్ళలో ఉడకబెట్టి, కడిగి, దానిమీద ఎంజైము వేసింది. పీచు కరిగి చక్కెర నీళ్ళు దిగాయి. వాటిలో ఈస్టు కలిపి డ్రమ్ములో పోసింది. ఈస్టు ఆ చక్కెరను తిని ఆల్కహాలు చేస్తుంది. పెట్రోల్లో కలిపే ఇథనాల్ అదే. నేను వెళ్ళిన రోజుకు మర్నాడే ఒక ఇంధన కంపెనీ వాళ్ళు చూడటానికి వస్తున్నారు. వాళ్ళకు నచ్చితే షెడ్డు నిలుస్తుంది. ఎంజైము అయిపోయింది, ఇంకో డ్రమ్ము పెట్టే వీలు లేదు.

ఊరికే చూసి పోదామని తగరపువలస మీదుగా స్కూటర్ మీద నేను వెళ్ళేసరికి షెడ్డు ముందు ఎక్సైజ్ జీపు ఆగి ఉంది. పులిసిన వాసన వస్తోందని ఎవరో ఫోన్ చేశారట. డ్రమ్ము మూతలోంచి బయటికొచ్చిన సన్నటి ట్యూబును ఇన్‌స్పెక్టరు రెండు వేళ్ళతో పట్టుకుని చూస్తున్నాడు. దాని రెండో కొస నీళ్ళ సీసాలో మునిగి ఉంది. లోపల పుట్టే గ్యాసు బుడగలుగా పోవడానికి చెల్లి చేసిన ఏర్పాటు అది.

"బెల్లం ఎక్కడ మేడమ్?"

"బెల్లం లేదండీ. గడ్డి."

"గడ్డి పులిస్తే సారా అవుతుందా?"

"ఆల్కహాల్ అవుతుంది. తాగే సరుకు కాదు."

చెల్లికి అబద్ధం చెప్పడం రాదు. ఆ ఒక్క పూటా వచ్చి ఉంటే బాగుండుననిపించింది. జీపులో వచ్చిన హోంగార్డు కాలు అప్పటికే డ్రమ్ము మీద ఉంది. ఇన్‌స్పెక్టరు వద్దన్నట్టు చెయ్యి ఊపాడు.

"మీరు చెప్పేది నిజమే కావచ్చు. అది ల్యాబ్ వాళ్ళు చెప్పాలి."

పరీక్షకని డ్రమ్ములోంచి ఒక సీసాడు నీళ్ళు పట్టుకున్నాడు. సారా బట్టీ గొట్టంలా కనిపించిందో ఏమో, ట్యూబు లాగి సంచిలో వేయించాడు. ఆ కన్నంలో గుడ్డ కుక్కి, దానిపైనా, మూతను బిగించిన చట్రం మీదా లక్క కరిగించి ముద్ర వేశాడు. గ్యాసు పోకపోతే డ్రమ్ము పగులుతుందని చెల్లి చెబుతూనే ఉంది. బేరమాడుతోందనుకున్నాడు.

"సీలు తెగితే కేసు మీ మీదే మేడమ్."

హోంగార్డును కాపలా ఉంచి జీపు వెళ్ళిపోయింది.

ఎండ రేకుల మీద నేరుగా పడుతోంది. కాసేపటికి చదునుగా ఉండాల్సిన మూత మధ్యలో పైకి లేచింది. చెల్లి దానిమీద అరచెయ్యి ఆనించి తీసేసింది. హోంగార్డు తన స్టూలును గుమ్మం దాకా జరుపుకున్నాడు.

"నాను సానా ఊటలు తన్నేసినాను బాబూ. ఇలాగ ఉబ్బింది సూడనేదు. ఊళ్ళో గోనె కప్పుతారు గానీ ఇలా బిగించరు."

"మీ సార్‌కి ఆ మాట చెప్పొచ్చుగా?"

"నానేటి సెప్తానండి ఆయనకి? తమరు పేపరోళ్ళు కదా, తమరే సెయ్యండి ఫోను."

చేశాను. మోగింది, ఎత్తలేదు. మళ్ళీ చేశాను. ఇన్నేళ్ళు పేపర్లో పనిచేసి సంపాదించిన నంబర్లన్నీ వెతికాను. ఎవరూ అందలేదు. డ్రమ్ము అంచున బిగింపు చట్రం కిర్రుమంది.

"అది వదులు చెయ్యి. కేసు పెడితే పెట్టనీ," అన్నాను.

"సీలు తెగితే డ్రమ్ము పట్టుకుపోతారు అన్నయ్యా. అప్పుడు రేపు ఏం చూపించాలి?"

డ్రమ్ము చుట్టూ తిరిగి దాని భుజం దగ్గర, మూతకు కాస్త కింద వేలితో తట్టింది, లోపలి నీళ్ళ మట్టానికి పైన. తర్వాత హోంగార్డు వైపు తిరిగింది.

"బాబూ, నిన్ను దేనికి కాపలా పెట్టారు?"

"సీలుకండి."

"సీలు ముట్టుకోను. నువ్వే చూస్తూ ఉండు."

అతను మూత వంక చూశాడు, నా వంక చూశాడు. "అది పేలితే ముందు పోయీది నానే. కానీండి మేడమ్."

చెల్లి గ్యాసు పొయ్యి మీద మేకును ఎర్రగా కాల్చి పటకారుతో పట్టుకుని డ్రమ్ము భుజానికి ఆనించింది. ప్లాస్టిక్ కమురు వాసన కొట్టింది. ఒక్కసారిగా బుస్సుమని నురుగు ఆమె ముఖం మీదికి చిమ్మింది. హోంగార్డు స్టూలు తన్నుకుని బయటపడ్డాడు. బుస చాలాసేపటికి తగ్గింది. మూత మెల్లగా దిగింది. లక్క చెక్కుచెదరలేదు.

షెడ్డులో పడి ఉన్న ఇంకో ట్యూబు ముక్కను ఆ కన్నంలో దూర్చి, చుట్టూ కొవ్వొత్తి మైనం అద్ది, కొసను నీళ్ళ సీసాలో ముంచింది. బుడగ రాలేదు. అంత ఒత్తిడికి, వేడికి ఈస్టు చచ్చిపోయిందేమోననుకున్నాను. ముఖం మీద నురుగు ఆరిపోతున్నా చెల్లి తుడుచుకోలేదు. హోంగార్డు కూడా వచ్చి ఆమె పక్కన గొంతుక్కూచున్నాడు.

ఒక బుడగ వచ్చింది. చాలాసేపటికి ఇంకొకటి.

అప్పుడు అతని ఫోను మోగింది. ఇన్‌స్పెక్టరు. నా ఫోను ఎత్తనివాడు.

"సీలుందండి," అన్నాడు లేచి నిలబడి. "ఎవలూ ముట్టుకోనేదండి. డ్రమ్ము కూడా ఉందండి. పక్కన సిన్న కన్నం పడిందండి... ఊపిరి తీత్తందండి."

అవతల ఏమన్నారో గానీ అతను ఫోను చెల్లికి అందించాడు. ల్యాబ్ మాట రేపు మధ్యాహ్నానికి తెలుస్తుందట, అప్పటిదాకా ఆ కన్నం అలాగే ఉండనివ్వమన్నాడట. చెల్లి ఫోను తిరిగిచ్చేసి, తన ఫోను తీసి కంపెనీ వాళ్ళకు చేసింది. పొద్దున కాకుండా సాయంత్రం రమ్మని అడుగుతున్నంతసేపూ ఆమె కళ్ళు సీసా మీదే ఉన్నాయి.