లగేజీ ర్యాకు ఉన్న కోళ్ల గూడు

ఇల్లు కట్టి చూడు, పెళ్లి చేసి చూడు అన్న పెద్దలెవరో గానీ, వాళ్లు పెరట్లో కోళ్ల గూడు ఎప్పుడూ కట్టి ఉండరు. కట్టి ఉంటే ఆ సామెతలో మూడో ముక్క కూడా చేరేది.

బాడీ మేస్త్రి ముప్పై నాలుగేళ్లు బస్సులకు బాడీలు కట్టాడు. చక్రాలూ ఇంజనూ తప్ప ఇంకేమీ లేని చట్రం షెడ్డులోకి వస్తే, దానికి ఫ్రేము నిలబెట్టి, రేకులు తొడిగి, సీట్లు బిగించి, నలభై ఐదుమందిని మోసే బస్సుగా బయటికి పంపేవాడు. మనిషి మాత్రం చీపురుపుల్ల. రిటైరై ఏడు నెలలైంది. ఈ ఏడు నెలల్లో ఇంట్లో వదులైన స్క్రూ అనేది మిగల్లేదు. బిగుతుగా ఉన్నవాటిని కూడా విప్పి మళ్లీ బిగించాడు. చేతులు ఊరుకుంటే ఇక పనికిరాకుండా పోతాయేమోనని లోపల ఆయనకు భయం. ఆ మాట పైకి మాత్రం అనడు.

ఒక సోమవారం పొద్దున్నే పక్కింటి టీచరమ్మ గోడ మీదుగా తొంగిచూసింది. మేస్త్రి భార్యకు ఐదు కోళ్లున్నాయి. గుప్పెడంత పిల్లలప్పటి నుంచి ఆవిడే సాకింది. అవి రోజూ గోడ దూకి టీచరమ్మ గులాబీ మడి తవ్విపోస్తున్నాయి.

"వదినగారూ, ఆ తోట నాదా, మీ కోళ్లదా? ఆదివారం దాకా చూస్తాను. ఆ తర్వాత నన్నేమీ అనుకోవద్దు," అంది టీచరమ్మ.

"ఆదివారంలోగా గూట్లో పెట్టేస్తానమ్మా. అవి అందులో ఉండకపోతే మా చెల్లెలింటికి పంపించేస్తాను," అని మాటిచ్చింది మేస్త్రి భార్య. ఇచ్చి, లోపలికొచ్చి కళ్లొత్తుకుంది.

మేస్త్రికి మాత్రం పోయిన ప్రాణం లేచొచ్చినట్టయింది. పాత క్యాలెండరు కాగితం చింపి, వెనకవైపు ప్లాను గీయడం మొదలుపెట్టాడు. ఆవిడ భుజం మీదుగా చూసింది.

"ఏమండీ, గుడ్లు పెట్టే అరలు అక్కడ కాదు..."

"నాకు చెప్తున్నావా? నలభై ఐదుమందిని కూర్చోబెట్టినవాణ్ణి, ఐదు కోళ్లని కూర్చోబెట్టలేనా?"

ఆయన పట్టిన కుందేలుకు ఎప్పుడూ మూడే కాళ్లు. ఆవిడ వంటింట్లోకి వెళ్లిపోయింది.

నాలుగు రోజులు పెరడంతా డ్రిల్లు మోతే. గురువారం సాయంత్రానికి గూడు లేచింది. గుండ్రటి మూలలు, వాలుగా రేకు కప్పు, కిటికీలకు ఇనప జాలీ, పక్కకు జరిపే తలుపు. చక్రాలొక్కటే తక్కువ. మేస్త్రి రెండు బకెట్ల నీళ్లు కప్పు మీద గుమ్మరించి, లోపల చుక్క పడలేదని భార్యకు చూపించాడు. లోపల కింద రెండు వరసల్లో కర్రలు, కోళ్లు పడుకోవడానికి. పైన, బస్సులో లగేజీ ర్యాకు ఉండే చోట, గడ్డి పరిచిన అరలు, గుడ్లు పెట్టడానికి. సీట్లు కిందా సామాను పైనా ఉండాలన్నది ఆయన లెక్క. ఆయన దృష్టిలో గుడ్డు సామానే.

మొదట గయ్యాళి లోపలికి వెళ్లింది. ఐదింటిలో పెత్తనం దానిదే కాబట్టి దానికా పేరు. సీట్లకేసి ఒక చూపు చూసి, ఎగిరి ర్యాకులో కూర్చుంది. మిగతా నాలుగూ దాని వెనకే ఎగిరాయి. పడుకునేటప్పుడు కోడికి ఉన్నవాటిలో ఎత్తైన చోటే కావాలి. ఆ సంగతి ప్రపంచంలో కోడిని పెంచినవాళ్లందరికీ తెలుసు, బస్సులు కట్టినవాళ్లకు తప్ప.

తెల్లారేసరికి అరల్లో గడ్డి కనపడలేదు, అంతా రెట్టే. ఆ మురికిలో గుడ్డు పెట్టనని గయ్యాళి జాలీ పట్టుకుని ఒకటే గోల. శుభ్రం చేద్దామని ఆవిడ తలుపు జరపగానే అది కాళ్ల మధ్య నుంచి దూరి గోడ దూకేసింది. కాసేపటికి టీచరమ్మ అరచేతిలో గుడ్డు పెట్టుకుని వచ్చింది.

"అన్నయ్యగారూ, ఇది మీదే అనుకుంటాను. ఇంకా వేడిగానే ఉంది."

మేస్త్రికి తల కొట్టేసినట్టయింది. ఆ సాయంత్రం ఒక్కొక్క కోడినీ పట్టి సీట్లో కూర్చోబెట్టాడు. ఆయన వెనక్కి తిరిగేలోపు అన్నీ ర్యాకు ఎక్కేశాయి.

శనివారం మధ్యాహ్నం ఆయన గూడు ముందు చతికిలబడ్డాడు.

"మీ చెల్లెలికి ఫోన్ చెయ్యి. నా చేతుల పనైపోయిందే. ఇక ఇవి ఎందుకూ పనికిరావు," అన్నాడు.

ఆవిడ పక్కనే కూర్చుంది. "చేతులకేమైంది? రెండు బకెట్లు పోసినా చుక్క కారలేదుగా. మీ చేతులు బాగానే ఉన్నాయి. బిగుసుకుపోయింది చెవులే."

మేస్త్రికి నవ్వొచ్చింది. నవ్వుతుంటే కళ్లలో నీళ్లు కూడా తిరిగాయి. లేచి స్క్రూడ్రైవరు తీశాడు.

"అరలు ఎంత ఎత్తులో పెట్టమంటావు?"

ఆవిడ వంగి, నేలకు జానెడు ఎత్తున చెయ్యి పెట్టి చూపించింది. "కర్రలు మీ నడుమంత ఎత్తులో ఉండాలి. రెండూ ఒకే ఎత్తు. లేకపోతే పై కర్ర కోసం కొట్టుకుంటాయి."

ఆయన స్క్రూలు విప్పుతుంటే ఆవిడ ర్యాకు రెండో కొస పట్టుకుంది. చీకటి పడేలోపు సామాను కిందికీ సీట్లు పైకీ వచ్చేశాయి.

ఆదివారం పొద్దున కర్రల మీద ఐదూ వరసగా కూర్చుని ఉన్నాయి. కాసేపటికి గయ్యాళి దిగి, కింది అరలో దూరి, తాపీగా గుడ్డు పెట్టింది. అన్న మాట ప్రకారం టీచరమ్మ వచ్చి, గూడు చుట్టూ ఒకసారి తిరిగింది, వంగి అరల్లోకి కూడా చూసింది.

"భలే ఉందే! ప్లాను మీదేనా అన్నయ్యగారూ?"

భార్య అవునని తలూపబోయింది.

"ప్లాను మా ఆవిడదమ్మా. నేను కూలికొచ్చాను," అన్నాడు మేస్త్రి.

పొయ్యి మీద పాలున్నాయంటూ ఆవిడ లోపలికి పరిగెత్తింది. అప్పటికింకా పొయ్యి వెలిగించనే లేదు.