వీపు వెనకాల సముద్రం

పెళ్ళయిన రెండేళ్ళకు మా హనీమూన్ ప్రయాణం మొదలైంది. వెళ్ళాల్సింది మారిషస్. మొదటి రోజు నేను కృష్ణానగర్‌లో బయలుదేరి రహమత్ నగర్, ఫిల్మ్ నగర్, జూబ్లీ హిల్స్ చెక్‌పోస్ట్ మీదుగా తిరిగి కృష్ణానగర్ చేరాను. విమానం ఇంకా ఎక్కలేదు. ఎక్కడానికి ముందే ఇంత ప్రయాణం ఉంటుందని నాకెవరూ చెప్పలేదు కాబట్టి, నా వెనక వచ్చేవాళ్ళకు పనికొస్తుందని రాస్తున్నాను.

ముందు మా సంగతి చెప్పాలి. నాది సిద్దిపేట. యూసుఫ్‌గూడలో ఒక ప్రైవేటు స్కూల్లో లెక్కలు చెప్తాను. మా ఆయన శ్రీధర్‌ది తణుకు. సినిమాల్లో ఫోకస్ పుల్లర్, అంటే కెమెరా పక్కన నిలబడి, నటులు కదిలినప్పుడల్లా వాళ్ళ మొహం మసకబారకుండా లెన్స్ తిప్పుతూ ఉండే మనిషి. మా స్కూల్లో షూటింగ్ పెట్టినప్పుడు పరిచయమయ్యాడు, ఏడాది తిరిగేసరికి పెళ్ళి చేసుకున్నాం. పెళ్ళయిన వారానికి అతను మారిషస్ వెళ్ళాడు, నేను వెళ్ళలేదు. కొత్త దంపతులు హనీమూన్‌లో పాడుకునే పాట తీయడానికి యూనిట్‌తో వెళ్ళాడు. నిజంగా పెళ్ళయిన కొత్త దంపతుల్లో మిగిలిన నేనొక్కదాన్నే కృష్ణానగర్ గదిలో కూర్చుని, కానుకగా వచ్చిన గోడ గడియారాలు ఎవరెవరికి తిరిగి కానుకగా ఇవ్వొచ్చో ఆలోచించాను. వస్తూ వస్తూ ఎయిర్‌పోర్టులో కొన్న గవ్వల కీచైన్ తెచ్చాడు. ఆ తర్వాత ఇంకో రెండుసార్లు అదే దీవికి వెళ్ళొచ్చాడు, అవీ పాటలకే.

ఈసారి దసరా సెలవులకు సరిగ్గా అతని సినిమా అయిపోతోంది. తర్వాతిది దీపావళి దాటాకగానీ మొదలు కాదన్నారు. ఇప్పుడు పోకపోతే ఇంక ఎప్పటికీ పోమని నాకు గట్టిగా అనిపించింది. అడగ్గానే శ్రీధర్ సరేనన్నాడు. కానీ ఎక్కడ దిగుదాం, ఏ ఒడ్డు బాగుంటుంది, ఏం చూద్దాం అని అడిగితే మాత్రం "అన్నీ బాగుంటాయి" అని ఫోన్‌లో తల దూర్చేవాడు. మళ్ళీ అడిగితే, తమ యూనిట్ వాళ్ళందరూ వెళ్ళొచ్చినవాళ్ళేనని, వాళ్ళని అడగమని చెప్పాడు. నాకు బాధేసింది. మూడుసార్లు చూసిన ఊరు, నాతో నాలుగోసారి చూడటం అతనికి ఇష్టం లేదేమోనన్న అనుమానం పట్టుకుంది. ఆ అనుమానంతోనే శనివారం స్కూలుకి సెలవు పెట్టి బయలుదేరాను.

తొమ్మిది దాటాక గుమ్మంలో ఇంటి ఓనర్ ఆంటీ ఎదురైంది. మారిషస్ పని మీద వెళ్తున్నానంటే ఏ సినిమా అని అడిగింది. మా గల్లీలో విదేశం అంటే షూటింగే. జూనియర్ ఆర్టిస్టులు, డ్యాన్సర్లు, లైట్‌మెన్‌ల పాస్‌పోర్టుల్లో ముద్రలు వేయడానికి చోటు ఉండదు. కూరగాయల బండి దగ్గర నిలబడితే బ్యాంకాక్, ఇటలీ, టర్కీ అన్నీ వినిపిస్తాయి. ఆటో ఎక్కి రహమత్ నగర్ అన్నాను. డ్రైవర్‌కి నా ఫోన్ మాటలు వినపడ్డాయి కాబోలు, అద్దంలోంచి చూస్తూ అడిగాడు.

"మారిషస్ అంటున్రు, షూటింగా మేడమ్?"

"కాదు, హనీమూన్."

అతను నా పక్కన ఖాళీగా ఉన్న సీటు వైపు ఒకసారి చూసి, మళ్ళీ రోడ్డు వైపు తిరిగాడు.

రహమత్ నగర్‌లో స్వప్న ఉంటుంది. గ్రూప్ డ్యాన్సర్, మారిషస్‌కి నాలుగైదుసార్లు వెళ్ళింది. సందు ఎంత ఇరుకంటే ఎదురుగా బైక్ వస్తే నేను ఒకరింటి మెట్లెక్కి నిలబడాల్సి వచ్చింది. రెండో అంతస్తులో గది. వాళ్ళమ్మ అటుకుల పోపు పెట్టింది, చాలా బాగుంది. స్వప్న ఎంతో శ్రద్ధగా సలహాలిచ్చింది. ఉత్తరం వైపే దిగాలట, అక్కడైతే వ్యాన్ ఇసుక దాకా వస్తుందట. కాళ్ళకు ఒంటి రంగు సాక్సులు తప్పక పట్టుకెళ్ళాలట, లేకపోతే మూడో టేక్‌కే అరికాళ్ళు బొబ్బలెక్కుతాయట. మేము టేకులు చేయం కదా అన్నాను. అయినా ఉంచుకోమంది. సముద్రం ఎట్లా ఉంటుందని అడిగాను. స్వప్న ప్లేటు పక్కన పెట్టి నిజంగానే ఆలోచించింది.

"సముద్రమా అక్కా? మంచిగనే ఉంటది గావచ్చు. కెమెరా మా ముందట ఉంటది గదా, మేం గటే జూస్తం. సముద్రం మా వీపు వెనకాల ఉంటది."

వాళ్ళమ్మ నవ్వింది. నేను కూడా నవ్వాను గానీ, మెట్లు దిగుతుంటే తిక్కతిక్కగా అనిపించింది. అన్నిసార్లు వెళ్ళిన మనిషి ఒక్కసారైనా వెనక్కి తిరగలేదా? తిరిగే ఉంటుంది, గుర్తు లేదేమో అనుకున్నాను.

మళ్ళీ ఆటో. ఫిల్మ్ నగర్ చేరేసరికి భోజనాల వేళయింది. శ్రీధర్ అక్కడే ఒక స్టూడియోలో మిగిలిపోయిన చిన్నచిన్న షాట్లు తీస్తున్నాడు. మెసేజ్ పెడితే లోపల ఇరుక్కున్నానని, సాయంత్రం కలుస్తానని జవాబిచ్చాడు. గేటు బయట వేపచెట్టు నీడలో మేకప్ సత్యం బాబాయ్ దొరికాడు. రాజమండ్రి మనిషి, ముప్పై ఏళ్ళుగా ఈ పనిలోనే ఉన్నాడు, కృష్ణానగర్ అంతటికీ బాబాయే. యూనిట్ భోజనం ఇద్దరికీ సరిపోతుందని బలవంతంగా కూర్చోబెట్టాడు. పప్పు, దొండకాయ వేపుడు, మజ్జిగ. వీధి భోజనానికి నేనేమీ పెద్ద మొహమాటపడను.

మారిషస్ అనగానే బాబాయ్ చెయ్యి అడ్డంగా ఊపాడు.

"వద్దమ్మాయ్, ఆ ఊరొద్దు. ఒకటే చెమట. పొద్దున్న వేసిన మేకప్ పదింటికల్లా కారిపోద్ది. దక్షిణం వైపైతే మరీనూ, ఆ గాలికి విగ్గు నిలవదు."

మేము విగ్గులు పెట్టుకోమని చెప్పాను. ఆయన కాసేపు అన్నం కలుపుతూ ఆగి, నిజమేనన్నట్టు తలూపాడు. ఉత్తరం మంచిదని డ్యాన్సర్లు అంటున్నారు కదా అంటే, ఉత్తరంలో నీడ దొరకదని, పడమర వైపు వెళ్ళమని చెప్పాడు. అక్కడ మేకప్ టెంటుకి మంచి చెట్లున్నాయట. సముద్రం చూశారా అని అడిగాను. చూడకేం, విమానం దిగేటప్పుడు కిటికీలోంచి భలే కనపడింది అన్నాడు. ఇద్దరు మనుషులు, మూడు దిక్కులు. ఎటు వెళ్ళాలో నాకేమీ తెలియలేదు.

మూడు దాటాక జూబ్లీ హిల్స్‌లోని ట్రావెల్ ఆఫీసుకి నడిచాను. కాలినడకన వచ్చే మనుషుల్ని ఆ రోడ్లు అంతగా పట్టించుకోవు. పెద్ద గోడలు, గోడలమీంచి వేలాడే కాగితంపూలు, గేట్ల ముందు కార్లు తుడుస్తూ డ్రైవర్లు. ఆఫీసులో ఏసీ ఎంత గట్టిగా ఉందంటే కొంగు కప్పుకుని కూర్చున్నాను. హారిక అనే అమ్మాయి మంచినీళ్ళిచ్చి వివరాలు అడిగింది. నేను హనీమూన్ ప్యాకేజీ అన్నాను, ఆధారం కావాలంటారని ఎవరో చెబితే తెచ్చుకున్న శుభలేఖ కూడా బల్లమీద పెట్టాను. ఆ అమ్మాయి ముహూర్తం తేదీ చూసి ఇబ్బందిగా నవ్వింది.

"మేడమ్, హనీమూన్ ఆఫర్‌కి మ్యారేజ్ అయి సిక్స్ మంత్స్ లోపు ఉండాలి. మీది ఫ్యామిలీ హాలిడే కింద వస్తుంది."

"మేం ఇద్దరమే గదా?"

"ఇద్దరైనా ఫ్యామిలీనే మేడమ్."

హనీమూన్ జరగకుండానే మేము ఎప్పుడు ఫ్యామిలీ అయిపోయామో నాకు అర్థం కాలేదు. మంచం మీద పూలు, కేకు ఉండవట, మిగతాదంతా ఒకటేనట. కేకు కోసం వాదించబుద్ధి కాలేదు. తర్వాత ఉత్తరమా, దక్షిణమా, పడమరా అని అడిగింది. నేను పొద్దుటినుంచీ అదే అడుగుతూ తిరుగుతున్నానని చెప్పలేదు. గది తోట వైపు కావాలా, సముద్రం వైపు కావాలా అంది. మా ఆయన్ని అడగాలన్నాను. చివరికి, "డేట్స్ చెప్పండి మేడమ్" అంది.

ఇక్కడ ఒక విషయం చెప్పాలి. మా కృష్ణానగర్‌లో డేట్స్ అనే మాట ఎవరూ తమ గురించి వాడుకోరు. డేట్స్ హీరోకి ఉంటాయి, హీరోయిన్‌కి ఉంటాయి. మిగతావాళ్ళకి ముందురోజు సాయంత్రం మేనేజర్ ఫోన్ వస్తుంది, పొద్దున్నే వెళ్ళాలి. రానన్నవాడి చోటుకి ఇంకొకడు వస్తాడు, వచ్చినవాడు ఆ సినిమా అంతా ఉండిపోతాడు, ఒక్కోసారి తర్వాతి సినిమాకి కూడా. అందుకే శ్రీధర్ మా పెళ్ళికి కూడా రెండు షెడ్యూళ్ళ మధ్యలోనే వచ్చాడు. తర్వాతి సినిమాకి ఇప్పటి కెమెరామన్ దగ్గరే అతనికి పని ఖాయమైంది, చాలా పెద్ద సినిమా. నేను దసరా సెలవుల తేదీలు నోటిదాకా తెచ్చుకుని, సాయంత్రం ఫోన్ చేస్తానన్నాను. ఏడింటి దాకా ఆ ధర ఆపి ఉంచుతానని హారిక చెప్పింది.

శ్రీధర్ అయిదున్నరకు చెక్‌పోస్ట్ దగ్గర కలిశాడు. మెట్రో స్టేషన్ పక్క హోటల్లో టీ, ఉస్మానియా బిస్కెట్లు తీసుకున్నాం. నాకు అప్పటికే ఒళ్ళు మండిపోతోంది. స్వప్న సాక్సులు, బాబాయ్ విగ్గు, హారిక ఫ్యామిలీ అన్నీ వరసపెట్టి చెప్పాను. నవ్వుతాడనుకున్నాను, నవ్వలేదు. దాంతో అడగకూడదనుకున్నది కూడా అడిగేశాను.

"నాతోని రాబుద్ధి అయితలేదా? నిజం చెప్పు. చూసిన ఊరే గదా అని ఉంటే గదే చెప్పు."

శ్రీధర్ బిస్కెట్ టీలో ముంచి అలాగే పట్టుకున్నాడు. అది విరిగి కప్పులో పడింది.

"నేను చూడలేదు" అన్నాడు.

నాకు అర్థం కాలేదు. మూడుసార్లు వెళ్ళాడు, పాస్‌పోర్టు నేనే బీరువాలో పెట్టాను. అతను తల ఎత్తకుండానే చెప్పాడు.

"నా కళ్ళు హీరోయిన్ కనురెప్పల మీద ఉంటాయి. ఆవిడ అడుగు ముందుకేస్తే నేను తిప్పాలి, వెనక్కి వేస్తే తిప్పాలి. వెనకాల సముద్రం మసగ్గా ఉండాలి, అదే నా పని. ప్యాకప్ అయ్యేసరికి చీకటి. ఎక్కడ బాగుంటది అని నువ్వు అడిగితే ఏం చెప్పను? వెనకాల ఏదో నీలంగా ఉండేది, అంతే. మూడుసార్లు వెళ్ళి ఇదా చెప్పేది అంటావని."

రెండేళ్ళుగా అతను నాకు దూరంగా ఒక అందమైన దీవిలో ఉండి వచ్చాడని కుళ్ళుకున్నాను. అక్కడ అతనికి దొరికింది గవ్వల కీచైన్ ఒక్కటే, అది కూడా ఎయిర్‌పోర్టులో. నాకు అతని మీద జాలీ ప్రేమా కలిసి ముంచుకొచ్చాయి, టీ డబ్బులు నేనే ఇచ్చేశాను.

తిరుగు ప్రయాణం మెట్రోలో. చెక్‌పోస్ట్ నుంచి యూసుఫ్‌గూడ రెండో స్టేషన్, కూర్చోవడానికి చోటు దొరకదు, అవసరమూ లేదు. తలుపులు మూసుకోగానే శ్రీధర్ ఫోన్ మోగింది. కొత్త సినిమా మేనేజర్. పక్కనే ఆనుకుని నిలబడ్డాను కాబట్టి నాకూ వినపడింది. హీరో డేట్స్ ముందుకు జరిగాయట, దసరాకి వారం ముందే షెడ్యూల్ మొదలట, రేపు పొద్దున్నే లెన్సులు పరీక్షించడానికి రమ్మంటున్నాడు. శ్రీధర్ సరే అనలేదు, కాదనీ అనలేదు. ఒక్క నిమిషం సార్ అని ఫోన్ ఛాతీకి ఆనించుకుని నా వైపు చూశాడు. నేను అద్దంలోంచి బయటికి చూశాను. పొమ్మని చెప్పేంత మంచితనం నాకు లేదు, వద్దని చెప్పే ధైర్యమూ లేదు. రోడ్ నంబర్ ఫైవ్ స్టేషన్‌లో జనం దిగారు, ఎక్కారు.

రైలు కదిలాక అతను ఫోన్ మళ్ళీ చెవికి పెట్టుకున్నాడు.

"దసరాకి నాకు డేట్స్ లేవండీ" అన్నాడు.

ఫోకస్ పుల్లర్ నోట ఆ మాట మేనేజర్ ఇంతవరకూ విని ఉండడు. అటువైపు నుంచి ఏదో గట్టిగా అన్నాడు. శ్రీధర్ చివరిదాకా విని, సరేనండీ, ఇంకెవరినైనా చూసుకోండి అన్నాడు. ఫోన్ జేబులో పెట్టుకోబోతే మొదటిసారి అతని చెయ్యి జేబు పక్కకు పోయింది. ఆ చెయ్యి పని చేసేటప్పుడు వెంట్రుకంత కూడా కదలదని సెట్లో అందరూ చెప్తారు. నేను ఆ చెయ్యి పట్టుకున్నాను, యూసుఫ్‌గూడ వచ్చేదాకా వదల్లేదు.

మారిషస్ ఎలా ఉంటుందో ఈ ప్రయాణంలో నాకు తెలియలేదు. వెళ్ళాలనుకునేవాళ్ళు మా కృష్ణానగర్‌లో మాత్రం ఎవరినీ అడక్కండి. అటుకులు పెడతారు, అన్నం పెడతారు, దిక్కులు మాత్రం కలవవు. ఆ పెద్ద సినిమా పోయినట్టేనని, దీపావళి తర్వాత శ్రీధర్‌కి ఏ పని ఉంటుందో తెలియదని కూడా ఉన్నదున్నట్టు చెప్తున్నాను.

ప్లాట్‌ఫామ్ మీదే నిలబడి, ఏడు కాకముందే హారికకి ఫోన్ చేసి డేట్స్ చెప్పాను. ఉత్తరమా, పడమరా అంటే ఏదైనా పర్లేదన్నాను. గది తోట వైపా, సముద్రం వైపా అంది. శ్రీధర్ వంగి నా ఫోన్‌లోకే చెప్పాడు.

"సముద్రం వైపండీ. కుర్చీలు కూడా అటే తిప్పి ఉండాలి."



"కుర్చీలు మీరే తిప్పుకోవచ్చు సర్" అంది హారిక.