ఇడ్లీ రేకులో ఐసు

మా ఎదురు ఫ్లాట్ ఆయన పోయారు. సింగపూర్ బూన్ లేలో మా బ్లాకు లిఫ్ట్ దగ్గర ఆ మాట విన్నాను. సాయంత్రానికి ఇక్కడి మన తెలుగువాళ్ల వాట్సాప్ గ్రూపు నిండా దండాలే. "మహా విజ్ఞాని" అని రాసినవాళ్లలో సగంమంది ఒకప్పుడు ఆయన్ని చూసి పగలబడి నవ్వినవాళ్లు. ఆ నవ్వు మొదలుపెట్టింది నేను. అందుకే ఈ నాలుగు ముక్కలు నేనే రాయాలి.

ఆయన జురాంగ్‌లో ఒక రసాయనాల ఫ్యాక్టరీ ల్యాబులో సహాయకుడు. గాజు సామాను కడిగి, కొలతలు రాసి రిటైరయ్యారు. మంచు కురిసే దేశంలో ఏనాడూ అడుగుపెట్టలేదు. అయినా చలిదేశాల రోడ్ల మీద గడ్డకట్టిన మంచు ఏది వేస్తే బాగా కరుగుతుందన్న ప్రశ్న ఆయన్ని పట్టుకుంది. శనివారం ఇడ్లీ రేకు గుంటల్లో నీళ్లు పోసి ఫ్రీజర్లో పెట్టేవారు. ఆదివారం పొద్దున్నే దాన్ని చేపల మార్కెట్ నుంచి తెచ్చుకున్న థర్మాకోల్ పెట్టెలో ఐసు మీద పెట్టి, ఒక గుంటలో ఉప్పు, ఒకదాంట్లో పంచదార, ఇంకోదాంట్లో ఇసుక వేసేవారు. నాలుగోదాంట్లో, ఇక్కడ బట్టల బీరువాల్లో చెమ్మ పీల్చడానికి పెట్టుకునే డబ్బాలోని తెల్లటి పలుకులు. అవి కాల్షియం క్లోరైడ్. అన్నీ ఒకే చెంచా కొలత. వరండాలో స్టూలు మీద కూర్చుని గడియారం చూస్తూ నోటుబుక్కులో రాసుకునేవారు. రేకు ఆయన శాస్త్రానికి ఇచ్చేశాక తమకు ఆదివారాలు ఉప్మాయే గతి అని ఆయన భార్య నవ్వేది.

ఒక ఉగాది సభలో మైకు నా చేతికొచ్చింది. ఆయనకు 'ఇడ్లీ సైంటిస్టు' అని పేరు పెట్టాను. హాలు ఊగిపోయింది. డాక్టరేట్లున్నవాళ్లు మరీ నవ్వారు. వాళ్లలో ఒక్కరూ ఐసు మీద చిటికెడు ఉప్పు వేసి చూసిన పాపాన పోలేదు. నేను అంతటితో ఆగలేదు. ఉప్పు వేడి పుట్టిస్తుంది, మంచు కరుగుతుంది, దీనికింత తతంగం దేనికన్నాను. మా ఇంటినిండా పుస్తకాలే మరి.

ఆ వచ్చే ఆదివారం ఆయన రేకు పట్టుకుని మా తలుపు కొట్టారు. మొహంలో కోపం లేదు.

"చదివింది సరే సార్. వేలు పెట్టి చూడండి."

పెట్టాను. ఉప్పు గుంటలో ఐసు నీరవుతోంది. ఆ నీరు ఐసుకన్నా చల్లగా ఉంది. ఆయన ముంచిన థర్మామీటర్ సున్నా దాటి ఇంకా కిందికి దిగుతోంది. కరగడానికి కావలసిన వేడిని ఐసు తనలోంచీ, నా వేలిలోంచీ లాక్కుంటోంది. పక్క గుంటలో తెల్లపలుకులు మాత్రం నిజంగానే వేడి పుట్టించి ఐసుకు తూట్లు పొడిచాయి. పంచదార నింపాదిగా కానిస్తోంది. డెబ్బై ఏళ్లలో చదివిన ఏ పుటా నన్నలా నోరు తెరుచుకుని నిలబడేలా చేయలేదు.

వేలు చటుక్కున తీసేసి, "మీ థర్మామీటర్ పాడైంది" అన్నాను.

ఆయన తలూపి రేకు తీసుకెళ్లిపోయారు. మళ్లీ ఏ సభకూ రాలేదు.

ఎదురుపడితే మాత్రం మాట్లాడేవారు. ఉప్పు ఇనుమును తినేస్తుందనీ, రోడ్డు పక్క చెట్లను ఎండబెడుతుందనీ, ఏదీ పూర్తిగా మంచిది కాదనీ చెప్పేవారు. మంచు ఎరగని ఊళ్లో ఈ గోల మీకెందుకని ఒకసారి అడిగాను. "ఎక్కడో ఒకళ్లు జారిపడతారు కదా సార్" అన్నారు. ఇసుకంటే ఆయనకు ప్రత్యేకమైన గౌరవం. దేన్నీ కరిగించకుండానే మనిషిని నిలబెడుతుందనేవారు.

కర్మలన్నీ అయ్యాక వాళ్లింటికి వెళ్లాను. ఆయన భార్య ఫ్రీజర్ తెరిచింది. ఆఖరి శనివారం ఆయన పెట్టిన రేకు అలాగే ఉంది. నాలుగు గుంటల్లోనూ ఐసు.

"తీయబుద్ధి కాలేదు అన్నయ్యగారూ. మీరు చూడండి" అని ఉప్పు డబ్బా నా ముందు పెట్టింది.

"ఆ థర్మామీటర్ మంచిదేనమ్మా. ఆ రోజే నాకు తెలుసు" అన్నాను.

"మీకు తెలుసని ఆయనకూ తెలుసు" అంది.

ఒక గుంటలో చెంచాడు ఉప్పు వేశాను. ఐసు సన్నగా చిటపటలాడింది. అంచున నీరు ఊరింది. వేలు పెట్టాను. కొరికింది. ఈసారి తీయలేదు.