కొమ్మలున్న సంచులు

సంచి చేతికందితే చాలు, చెవి దగ్గర పెట్టి నలిపి దాని జాతకం చెప్పేదాకా కొమ్మలాయనకు తోచదు. ప్లాస్టిక్ ఫ్యాక్టరీలో, సరుకు పరీక్షించే గదిలో ఉద్యోగం. లోకంలో కొందరు పుచ్చకాయ తట్టి చూస్తారు, కొందరు కుండ తట్టి చూస్తారు; ఈయన సంచి నలిపి వింటాడు.

కాలు విరిగిన ఓ పెద్దాయన పరామర్శకు వెళ్లి, పళ్ల సంచి నలిపి, "ఇందులో కొమ్మల్లేవండీ!" అన్నాడు.

"నేను పడింది కొమ్మ మీంచి కాదు నాయనా, మెట్ల మీంచి."

"అది కాదండీ. పాలిథీన్ అణువులంటే పొడుగాటి గొలుసులు. కొమ్మల్లేనివి చీపురుపుల్లల్లా ఒత్తుగా సర్దుకుంటాయి. సంచి బిరుసు, ఒకటే కరకర. కొమ్మలుంటే కంపమోపులా ఎడమెడంగా ఉండిపోతాయి. సంచి మెత్తన, చప్పుడే ఉండదు!"

పెద్దాయన గోడవైపు తిరిగి పడుకున్నాడు.

భార్య రాత్రి డ్యూటీ నర్సు. ఆమె మెట్లెక్కేవేళకు ఈయన దిగుతాడు. పన్నెండేళ్ల కాపురం ఆ మెట్ల మీదే గడిచింది. ఒక్కపూట ఎదురెదురుగా కూర్చుని మాట్లాడుకోవాలని ఆమె ప్రాణం కొట్టుకునేది. దొరికిన రెండు నిమిషాల్లో "తిన్నావా?" తర్వాత ఆయన నోట వచ్చేది కొమ్మలే. సెలవునాడు ఆమె లేచేసరికి సంచుల మోపుతో ఎటో మాయం!

దూరపు ఆసుపత్రికి బదిలీ కావాలా అని ఆమెకు కాగితం వచ్చింది. సాయంత్రం మెట్ల మీద ఆ మాట చెబితే, ఆయన చేతిలోని సంచి నలపడం మరిచిపోయి "నీ ఇష్టం" అన్నాడు. "వద్దు" అంటాడేమోనని ఆమె రెండు మెట్లు దిగి, ఆగి మరీ చూసింది.

మర్నాటి ఉదయం డ్యూటీ దిగి, తమ గది కిందే ఉన్న కొట్లో సబ్బు కొంది. కొట్టాయన కొత్త సంచులు పక్కకు నెట్టి ఇంకేవో వెతుకుతున్నాడు.

"ఏదో ఒకదాన్లో వెయ్యి బాబాయ్!"

"అమ్మో, ఇవి కరకరలాడతాయి! మీ ఆయన ఊరుకుంటాడా? 'పైన మా ఆవిడ పగలు పడుకుంటుంది, కొమ్మలున్నవే వాడండి' అని ప్రతి సెలవుకీ మోసుకొస్తాడు. ఈ వీధిలో ఏడు కొట్లకీ ఆయనే. నీకు చెప్పలేదూ?"

"చెబుతూనే ఉన్నారు బాబాయ్. నేనే వినలేదు."

ఆయన మెట్లు దిగుతున్నాడు. ఆమె అడ్డంగా నిలబడింది.

"ఇవాళ సెలవు పెట్టండి."

"ఏం, ఒంట్లో బాగోలేదా?"

"బాగానే ఉంది. నేనెక్కడికీ పోవడంలేదు. కూర్చోండి. ఆ కొమ్మల సంగతి మొదట్నించీ చెప్పండి."

ఆయన మొహం చాటంత అయింది. మెట్టు మీదే చతికిలబడి గొలుసులందుకున్నాడు. మూడో గొలుసుకే ఆమె ఆయన భుజం మీద నిద్రపోయింది. ఆయన ఆపితేగా! గొంతు తగ్గించి, మిగతాదంతా కిందిమెట్టు మీది పిల్లికి చెప్పాడు.