పై మంచం

ఎల్లారెడ్డిలో ఎవరి పిల్లకైనా పరాయి రాష్ట్రం యూనివర్సిటీలో సీటు వచ్చిందంటే, సూట్‌కేసు కొనకముందే ఇంట్లోవాళ్లు భూపాల్ ఇంటికి పోతారు. భూపాల్ ఏ కాలేజీకీ ఏజెంటు కాదు. పదో తరగతి దాటలేదు. గల్ఫ్‌లో పదకొండేళ్లు కట్టడాల పని చేసి వచ్చాడు. వచ్చేటప్పుడు అందరిలాగే సెంటు సీసాలూ దుప్పట్లూ తెచ్చాడు, వాటితోపాటు హిందీ కూడా తెచ్చుకున్నాడు. సెంటు సీసాలు ఎప్పుడో అయిపోయాయి. హిందీ మాత్రం అతనికి కూడు పెడుతోంది.

మామూలు రోజుల్లో ఆటో నడుపుతాడు. జులై వచ్చిందంటే ఆటోకు కవరు కప్పి, కొత్తగా చేరే పిల్లలను వెంటబెట్టుకుని రైలెక్కుతాడు. ఢిల్లీ దాటించి, యూనివర్సిటీ గేటు దాటించి, హాస్టల్ గదిలో పరుపు పరిచి, బకెట్టూ మగ్గూ కొనిచ్చి, వార్డెన్‌కు అప్పజెప్పి వస్తాడు. వచ్చి ఆ పిల్ల తల్లికి అక్కడి అన్నం ఎట్లా ఉందో చెబుతాడు. ఎట్లా ఉన్నా బాగుందనే చెబుతాడు.

మా అబ్బాయి ప్రేమ్‌కుమార్‌ను నాలుగేళ్ల కింద దింపి వచ్చింది కూడా అతనే. నాకు బస్టాండు దగ్గర కంగన్‌హాల్ ఉంది. గాజులు, బొట్టుబిళ్లలు, క్లిప్పులు అమ్ముతాను. దుకాణం మూసుకుని అంత దూరం పోలేను. పోయినా నాకొచ్చిన హిందీ గాజుల సేట్ల దగ్గర బేరమాడటానికి తప్ప ఎందుకూ పనికిరాదు.

ఆ యూనివర్సిటీలంటే నాకు ఒళ్లు మంట. మా బస్టాండు నిండా వాటి ఫ్లెక్సీలే. వాటిల్లో పిల్లలందరూ పళ్లన్నీ కనబడేటట్టు నవ్వుతుంటారు. మెరిట్ స్కాలర్‌షిప్ అని పెద్ద అక్షరాలతో రాస్తారు, అది ఎవరికొస్తుందో మాత్రం రాయరు. మా వాడికి రాలేదు. మా వీధిలో వచ్చింది ఒక్కతికే, భూపాల్ బిడ్డ మనోజ్ఞకు.

ఆ పిల్ల అచ్చంగా తన తెలివితో సంపాదించింది. కామారెడ్డిలో వాళ్ల పరీక్ష రాసి, నాలుగేళ్లకూ చదువు ఫీజు మొత్తం మాఫీ చేయించుకుంది. తీసుకున్నది సివిల్ ఇంజనీరింగ్. ఆడపిల్లకు సివిల్ ఎందుకే అని నేనే అడిగాను. బాపు కట్టిన బిల్డింగులు ఫొటోల్లో చూసిన, వాటి కింద ఆయన పేరు ఏడ లేదు, నేను కట్టేటివాటి మీద రాయిస్త అంది. పందొమ్మిదేళ్లు కూడా నిండని పిల్ల. నేను మాట మార్చి, క్లిప్పుల పెట్టె సర్దుకున్నాను.

ఫీజు మాఫీకి రెండే షరతులు. మార్కులు తగ్గకూడదు. మొదటి ఏడాది క్యాంపస్ హాస్టల్‌లోనే ఉండాలి. హాస్టల్ ఖర్చుకు గంగామణి బీడీలు చుట్టిన పైసలు కూడబెట్టింది. గంగామణి భూపాల్ భార్య. మాటలు తక్కువ మనిషి. బిడ్డ పోయే రోజు వీధంతా వచ్చింది. మన కౌన్సెలింగ్‌లో హైదరాబాద్ కాలేజీలో వచ్చిన సీటు వదిలేసి పోతోందని కొందరు గొణిగారు. గొణిగేవాళ్లు ఎప్పుడూ ఉంటారు. భూపాల్ ఆ రోజు ఇస్త్రీ చొక్కా వేసుకున్నాడు. అందరి పిల్లలనూ దింపినవాడు మొదటిసారి సొంత బిడ్డను దింపడానికి పోతున్నాడు.

అక్కడ జరిగింది నేను చూడలేదు. తండ్రి ఒకసారి చెప్పాడు, బిడ్డ ఒకసారి చెప్పింది. ఇద్దరి మాటలూ కలిపి చెబుతున్నాను.

గదికి నలుగురు ఆడపిల్లలు. ఒకదాని మీద ఒకటి ఉండే ఇనుప మంచాలు రెండు జతలు. కింది మంచాలు ముందొచ్చినవాళ్లు పట్టుకున్నారు. మనోజ్ఞకు పై మంచం దక్కింది. సంబరంగా నిచ్చెనెక్కి కూర్చుని, మంచం కడ్డీని వేళ్లతో రెండుసార్లు తట్టి, గట్టిగనే ఉంది బాపూ అంది.

భూపాల్ చేతిలో పరుపు ఉంది. పరచలేదు. ముఖమంతా చెమటలు పట్టాయట. దిగు అన్నాడు. ఎందుకని అడిగితే పైన ఉక్కపోస్తదన్నాడు. ఫ్యాన్ పైమంచానికే దగ్గరుంది. కింద పండుకున్న పిల్లను బతిమిలాడి మారుస్తానంది మనోజ్ఞ. కిందా వద్దన్నాడు.

"మంచమే గదా బాపూ. నేను పండుకుంట," అంది మనోజ్ఞ.

"నువ్వు ఈడ పండవు," అన్నాడు భూపాల్.

వార్డెన్ అక్కడే ఉంది. పద్ధతైన మనిషే. స్కాలర్‌షిప్ పిల్ల మొదటి ఏడాది బయట ఉండటానికి లేదని ఆ మంచం పక్కనే నిలబడి విడమరచి చెప్పింది. హిందీలోనే చెప్పింది. భూపాల్‌కు ప్రతి మాటా అర్థమైంది. అర్థమైనా ఆఫీసుకు పోయాడు. కౌంటర్ దగ్గర ఒక గుమాస్తాతో కాసేపు కష్టసుఖాలు మాట్లాడాడు. ఎల్లారెడ్డి నుంచి తెచ్చిన సకినాలు కూడా పెట్టాడు. ఆ గుమాస్తా నవ్వి, హో జాయేగా భాయ్, పనైపోతుందిలే అన్నాడు.

ఆ ఒక్క మాట మీదే భూపాల్ బతుకంతా నడిచింది. గల్ఫ్‌లో సెలవు దొరికినా, జీతం నెల ఆలస్యంగా చేతికొచ్చినా, మా వాడికి గది మారినా ముందు ఎవరో ఒకరు ఈ మాట అన్నవాళ్లే. మన దిక్కు మనుషులకు కాగితం కంటే కౌంటర్ అవతల నవ్విన ముఖం మీదే నమ్మకం ఎక్కువ. ఎవరినో ఎందుకు అనాలి, నేనైనా అంతే. మాట్లాడినం కదా, అయిపోయింది అనుకుంటాం.

అక్కడే ఊళ్లో ఒక ముసలి దంపతుల ఇంట్లో మేడ మీద గది చూశాడు. హాస్టల్ కంటే ఖర్చు ఎక్కువే. అయినా చెక్క మంచం, పెద్ద కిటికీ, పైన కప్పు తప్ప ఏమీ లేదు. అక్కడ పరుపు తన చేత్తో పరిచి, బిడ్డను కూర్చోబెట్టి చూసుకుని, తృప్తిగా ఇంటికొచ్చాడు. మనోజ్ఞ భయంభయంగానే ఉండిపోయింది. అయినా చదివింది. ఆ ఆరు నెలల్లో ఆమె క్లాసులో ఆమెను దాటినవాళ్లు లేరు.

సంక్రాంతి ముగ్గులు ఇంకా చెరగనేలేదు, ఫోన్ వచ్చింది. హాస్టల్ హాజరులో పేరు లేదు కాబట్టి స్కాలర్‌షిప్ రద్దు. ఏడాది ఫీజంతా కట్టాలి. కట్టేదాకా సర్టిఫికెట్లు ఇవ్వరు.

భూపాల్ అదే రాత్రి బయల్దేరాడు. గుమాస్తా దగ్గరికి పోతే నువ్వెవరో నాకు గుర్తులేదన్నాడు. సకినాలు కూడా గుర్తులేవు కాబోలు. వార్డెన్‌కు గుర్తుంది. మంచం పక్కన నిలబడి చెప్పాను కదా, మీరు విన్నారు కదా అంది. ఇప్పుడే హాస్టల్‌లో చేరుస్తానన్నాడు. ఆలస్యమైంది, ఆ మాఫీ వరసలో తర్వాతి పిల్లకు పోయిందన్నారు. తనకు వచ్చిన హిందీ అంతా వాళ్ల ముందు కుమ్మరించాడు. తప్పు నాది, బిడ్డది కాదు అని చేతులు జోడించాడు. కూర్చున్న పెద్దసారు కాళ్ల దగ్గరికి వంగితే మనోజ్ఞ జబ్బ పట్టి లేపింది.

ఆ పిల్ల నాతో దీని గురించి చెప్పింది రెండు ముక్కలే. బాపు గట్ల వంగంగ చూసిన అత్తా, ఇగ ఆ బడి నాకొద్దు అంది. తిరుగు రైల్లో పై బెర్తు ఎక్కి గోడవైపు తిరిగి పండుకున్నదట. సికింద్రాబాద్ దాకా దిగలేదు.

వీధిలో మాత్రం అక్కడి చలి పడలేదని చెప్పుకున్నారు. గంగామణి చెప్పమన్నది. అందరూ నమ్మినట్టే నటించారు.

నేను ఊరుకునే రకం కాదు. ఒకరోజు భూపాల్ నా దుకాణం మెట్టు మీద కూర్చుంటే అడిగేశాను. ఊరందరి పిల్లలనూ అవే మంచాల మీద పండబెట్టి వచ్చావు, మా వాడిని కూడా. నీ బిడ్డకు ఏం రోగమొచ్చిందయ్యా అన్నాను. కోపంతోనే అడిగాను. ఇప్పుడు తలచుకుంటే నా నోరు పడిపోను అనిపిస్తుంది.

అప్పుడు చెప్పాడు. గల్ఫ్ క్యాంపులో గదికి పన్నెండుమంది. అన్నీ అలాంటి ఇనుప మంచాలే. పైది భూపాల్‌ది, కిందిది బీబీపేట నగేశ్‌ది. భూపాల్ అటూఇటూ మసలితే మంచం కిర్రుమంటుందని నగేశ్ కింది నుంచి కడ్డీని రెండుసార్లు తట్టేవాడు. కదలకు, నిద్రపోనీ అని దానర్థం. ఒక రాత్రి అలాగే తట్టాడు. భూపాల్ బుద్ధిమంతుడిలా, ఊపిరి కూడా మెల్లగా తీస్తూ కదలకుండా పండుకున్నాడు. పొద్దున డ్యూటీ బస్సు వచ్చింది, నగేశ్ లేవలేదు. గుండె ఆగిపోయి అప్పటికి చాలాసేపైందన్నారు.

"పిలిచిండక్కా. నన్ను పిలిచిండు. నేను కదలకుంట పండుకున్న," అన్నాడు భూపాల్.

మరి పరాయి పిల్లలను ఎట్లా పండబెట్టావని నేను అడగలేదు. తనే చెప్పాడు. పరుపు పరిచేటప్పుడు కడ్డీ వంక చూడకుండా చేసేవాడట. బిడ్డ తన చేత్తో తట్టేసరికి చూడక తప్పలేదు. ఆ క్షణంలో ఆమెను అక్కడి నుంచి దింపాలన్నదొక్కటే తోచింది.

ఈ సంగతి మనోజ్ఞకు చెప్పు, ఆమె మనసు కొంచెం తేలికపడుతుంది అన్నాను. తలూపలేదు. చెబితే సీటొస్తుందా, ఇంకో బరువెందుకు ఆ పిల్ల మీద అన్నాడు. నన్ను కూడా చెప్పనియ్యలేదు. ఒట్టు పెట్టించుకున్నాడు.

సర్టిఫికెట్లు లేకుండా మళ్లీ ఎక్కడా చేరడానికి లేదు. ఆటోతో, బీడీలతో ఆ ఫీజు ఎన్నటికి తీరుతుందో నాకు తెలియదు. మనోజ్ఞ కామారెడ్డిలో ఒక బట్టల దుకాణంలో కుదిరింది. గిరాకీలు విప్పి చూసి వదిలేసిన చీరలను మడతపెట్టే పని. రోజూ పొద్దున ఎల్లారెడ్డి బస్సులో పోయి, రాత్రి వస్తుంది. పుస్తకాలు అట్టపెట్టెలో కట్టి అటక మీద పెట్టింది. ఇప్పుడు నా దుకాణానికొచ్చినా తలనొప్పి బిళ్ల ఉందా అని తప్ప ఏమీ అడగదు.

మళ్లీ జులై వచ్చింది. సర్టిఫికెట్లు విడిపించడానికి పైసలు కావాలి, భూపాల్‌కు వచ్చే నాలుగు పైసలు ఈ నెలలోనే వస్తాయి. అందుకని మళ్లీ పిల్లలను దింపడానికి ఒప్పుకున్నాడు. అదీ ఆ యూనివర్సిటీకే. గాంధారి దగ్గరి ఊరి హన్మవ్వ బిడ్డ పద్మప్రియకు అక్కడ సగం ఫీజు మాఫీ వచ్చింది.

ఆ రోజు నేనూ సరుకు కోసం కామారెడ్డి పోతున్నాను. అందరం ఒకే బస్సు కోసం నిలబడ్డాం. భూపాల్, పద్మప్రియ, ఆమె సూట్‌కేసు, పరుపుచుట్ట, సాగనంపడానికొచ్చిన హన్మవ్వ. కొంచెం దూరంలో టిఫిన్ డబ్బా పట్టుకుని పనికి పోతున్న మనోజ్ఞ. హన్మవ్వకు పాపం ఏమీ తెలియదు. నువ్వు ఆడ ఉండి వచ్చినవ్ గద బిడ్డా, మా పోరికి జర మంచి చెడ్డ చెప్పు అని మనోజ్ఞను దగ్గరికి పిలిచింది.

మనోజ్ఞ వచ్చింది. పద్మప్రియ భుజం మీద చెయ్యి వేసింది. తండ్రి రెండడుగుల దూరంలో పరుపుచుట్టకు తాడు బిగిస్తున్నాడు.

"పై మంచం దొరికితే తీస్కో, గాలొస్తది," అంది. "గది మాత్రం మారకు. మా బాపు మారమన్నా మారకు."

గొంతులో కోపం లేదు. కోపం ఉన్నా బాగుండేది. భూపాల్ తాడు ముడి వేయడం పూర్తిచేసి లేచాడు. ఇన్నవ్ గద బిడ్డా, గట్లనే చెయ్యి అన్నాడు పద్మప్రియతో. హన్మవ్వ నా ముఖం వంక చూసింది. నేను బస్సు వచ్చే దిక్కు చూశాను. నాలుక చివరిదాకా వచ్చింది నగేశ్ పేరు. ఒట్టు గుర్తొచ్చి మింగేశాను.

బస్సులో మనోజ్ఞ, పద్మప్రియ ఒక సీట్లో కూర్చున్నారు. భూపాల్ నా వెనక సీట్లో కూర్చున్నాడు. లింగంపేట దాటేదాకా ఆ పిల్ల అడుగుతూనే ఉంది, ఈ పిల్ల ఓపిగ్గా చెబుతూనే ఉంది. క్యాంటీన్‌లో ఏ పూట అన్నం ఉంటుందో, లైబ్రరీలో ఏ మూల కూర్చుంటే నిమ్మళంగా చదువుకోవచ్చో, అన్నీ చెప్పింది. ఏడాది తర్వాత మొదటిసారి ఆమె అంతసేపు మాట్లాడటం విన్నాను.

నిజాంసాగర్ చౌరస్తాలో బస్సు ఆగింది. మనోజ్ఞ లేచి, పైలం అని ఆ పిల్ల చెంప తట్టి దిగింది. తండ్రి వంక చూడలేదు. రోడ్డు దాటి, అప్పుడే సగం షట్టర్ ఎత్తిన బట్టల దుకాణంలోకి వంగి దూరింది.

బస్సు కదిలింది. భూపాల్ ముందుకు వంగి నా సీటు కడ్డీ పట్టుకున్నాడు.

"మంచం ఒక్కటే గదక్కా," అన్నాడు. "పదకొండేండ్లు నేను పండలేదా? ఆమె పండకపోవునా?"

స్టేషన్ వచ్చింది. అతను పరుపుచుట్ట నెత్తిన పెట్టుకుని, ఆ పిల్లను ముందు నడవమని దిగాడు.