ఇస్త్రీలో సర్దుకుంటుంది

పొద్దున పదకొండు దాటింది. వాన పడుతోందని చెప్పలేం, పడటం లేదనీ చెప్పలేం. రేకుల మీద ఎవరో గుప్పెళ్లతో ఇసక చల్లుతున్నట్టుంది. ఇస్త్రీపెట్టె ముందు నిలబడ్డ బొగ్గన్నకి కడుపులో పేగులు అప్పటికే అరుస్తున్నాయి. పొద్దున తిన్నది ఒక్క రొట్టె ముక్క, అదీ నిన్నటిది. ఒంటిగంట కొట్టేదాకా ఎవరూ డబ్బా మూత తియ్యకూడదని ఆ కుట్టుకొట్టులో రూలు. రూలు పెట్టిన మాస్టరు మాత్రం అప్పటికి రెండుసార్లు నమిలి, పుల్లతో పళ్లు కుట్టుకుంటున్నాడు.

కొట్టు మాస్టరుదే, కత్తెరా మాస్టరుదే. ఆ కత్తెర ఇంకెవరు ముట్టుకున్నా మైలపడిపోయినట్టు చూస్తాడు. బట్ట కొయ్యడం ఆయన వంతు. కుట్టడం ఆయన బామ్మర్ది వంతు. కుట్టులో వచ్చిన వంకరలన్నీ సాగదీసి, నీళ్లు చల్లి, కాల్చి దాచడం బొగ్గన్న వంతు. ఏ చొక్కాకి ఏ భుజం ఎగుడుదిగుడైనా మాస్టరు నోట ఒకటే మాట: "ఇస్త్రీలో సర్దుకుంటుంది." ఇరవై ఏళ్లుగా ఆ మాట వినీ వినీ, మాస్టరు పాడె వంకరగా కట్టినా దాని మీద కూడా పెట్టె తోమాల్సి వస్తుందని బొగ్గన్నకి నమ్మకం కుదిరింది.

మూలన చాప మీద గుండీలక్క. గుండీలు, కాజాలు, చేత్తో మడత కుట్లు, తొమ్మిదేళ్లుగా అదే మూల, అదే చీకటి. కిటికీ పక్కన ఒక మిషను ఖాళీగా ఉంటుంది. దాని మీద కుట్టే ముసలాయన బతికున్న రోజుల్లో ఆయన పక్కన కూర్చుని ఆవిడ పని నేర్చుకుంది. ఆయన పోయాక ఆ మిషను నీదేనని మాస్టరు మూడుసార్లు మాటిచ్చాడు, మూడుసార్లు మర్చిపోయాడు. ఆవిడకి కళ్లు మసకబారుతున్నాయి. సూదిలో దారం ఎక్కించాలంటే గుమ్మం దాకా వెళ్లాలి. కిటికీ వెలుగులో కూర్చుంటే ఇంకో పదేళ్లు పని చెయ్యగలదు. చాప మీదే ఉంటే రెండేళ్లు. ఆవిడ కోరిక అంతే, అంతకన్నా ఏమీ లేదు.

ఆ ఇసక వానలో పెద్ద టీచరమ్మ గొడుగు దులుపుకుంటూ వచ్చింది. ఊరి బడిలో సగం మందికి చెవులు మెలిపెట్టి రిటైరైన మనిషి. సంచిలోంచి ఒక పాత బొంత తీసి బల్ల మీద పరిచింది. తపాలా బిళ్లంత ముక్కలు, అడ్డం అరవై, నిలువు డెబ్భై. ఏడు రంగులు మెట్లు మెట్లుగా మూల నుంచి మూలకి దిగుతున్నాయి. వెనక గుడ్డ సగం ఎలుకలు కొట్టేశాయి.

"మా నాయనమ్మ కుట్టింది. అచ్చం ఇలాంటిదే కావాలి. కుదురుతుందా?"

"కుదరడమేంటమ్మగారూ! ముప్పై ఐదేళ్ల చెయ్యి ఇది. పిచికల్ని కొట్టడానికి ఫిరంగెందుకన్నట్టు!" అన్నాడు మాస్టరు, ఆ పిచిక ఎటువైపు ఎగురుతుందో కూడా తెలియకుండా.

మర్నాడు ఇరవై మడతలు బట్ట ఒకదాని మీద ఒకటి పేర్చి, సుద్దతో గళ్లు గీసి, కరకరమని కోసేశాడు. చొక్కాలకి ఆయన పద్ధతి అదే. పై మడతలు సుద్ద గీత మీదే తెగుతాయి, కింది మడతలు జారుతాయి. చొక్కాలో అయితే చంక దగ్గర లాగి కలిపేస్తారు, ఎవడూ చెయ్యెత్తి చూడడు. ఇక్కడ లాగడానికి చంకేదీ? ఒక్కో బిళ్లకి నూలుపోగంత తేడా, అరవై బిళ్లలయ్యేసరికి నాలుగు వేళ్లంత. రెండ్రోజులు కూర్చుని బామ్మర్ది కుట్టిన మొదటి పది వరసల్లో ఏ రెండూ ఒక పొడుగు లేవు. తాగినవాళ్లు చేతులు పట్టుకుని నడుస్తున్నట్టున్నాయి.

"బావా, ఇవి కలవట్లేదు."

"నీ మొహం. ఇస్త్రీలో సర్దుకుంటుంది. ఒరేయ్ బొగ్గూ!"

బొగ్గన్న నీళ్లు చల్లాడు, లాగాడు, తొక్కిపట్టి తోమాడు. ఒక పక్క సాగదీస్తే ఇంకో పక్క ముడుచుకుంది.

"నీకు ఇస్త్రీ రాదురా," అని తేల్చేశాడు మాస్టరు. ఆడలేక మద్దెల ఓడన్నాడట వెనకటికి ఒకడు. వాడికి ఈయన మేనమామ అయ్యుండాలి.

ఒంటిగంటకి డబ్బాలు తెరిచారు. మాస్టరు తిని, కుర్చీలోనే నోరు తెరుచుకుని నిద్రపోయాడు. బామ్మర్ది బీడీకి పోయాడు. గుండీలక్క తినడం మానేసి, పాత బొంతని తిరగేసి, ఎలుకలు కొట్టిన చోట వేలు పెట్టి గుమ్మం దగ్గర చూస్తోంది.

"అన్నా, ఇటు రా. ఈ దారం చూడు. ఎక్కడా ముడి లేదు."

"ముడి లేకపోతే?"

"బిళ్లకీ బిళ్లకీ కుట్టుంటే ప్రతి బిళ్ల చివరా ముడి ఉండాలిగా? ఇక్కడ దారం గుడ్డతో పాటే తెగింది. ఆ మహాతల్లి బిళ్లలు కుట్టలేదన్నా. పట్టీలు కుట్టి, అప్పుడు బిళ్లలు చేసింది."

బొగ్గన్నకి అర్థమవడానికి రెండు ముద్దలు పట్టింది. ఏడు రంగుల పొడుగు పట్టీలు పక్కపక్కన కుట్టాలి. ఆ గుడ్డని అడ్డంగా కోస్తే ఒక్కో కోతకి ఏడు బిళ్లలు అతుక్కునే వస్తాయి. తర్వాతి వరసకి పై బిళ్ల విప్పి అడుగున కలిపితే రంగు ఒక మెట్టు దిగుతుంది.

"మరి పట్టీలు కొయ్యడం? కత్తెర ముట్టుకుంటే లేచి కరుస్తాడు."

"కత్తెరెందుకు?" అని ఆవిడ గుడ్డ అంచు పళ్లతో గిల్లి, రెండు చేతులా పట్టుకుని సర్రున చింపింది. పోగు వెంట చిరిగింది, గీత గీసినట్టు. "పోగు అబద్ధమాడదు. మనుషులే ఆడతారు. ఇంకో సంగతన్నా, ఇది నీ పని. చూడు, ఈ వరసలో కుట్టు వెనకున్న అంచులు ఎడమకి పడుకున్నాయి, కింది వరసవి కుడికి. రెండూ ఎదురెదురుగా ఆనుకుంటే మూల కదలదు. అలా పడుకోబెట్టగలవా?"

ఇరవై ఏళ్లలో ఇస్త్రీపెట్టెని తప్పు దాచమని కాకుండా ఒప్పు నిలబెట్టమని అడిగిన మనిషి ఆవిడొక్కతే. బొగ్గన్న చేతులు తుడుచుకున్నాడు. ఆవిడ కిటికీ మిషను మీద కూర్చుని పట్టీలు కలిపింది, అతను కుట్లు పడుకోబెట్టాడు. అడ్డంగా కోసేటప్పుడు మాత్రం కత్తెర తప్పలేదు. గురక వింటూ అతనే తెచ్చిచ్చాడు. నాలుగు వరసలు కలిపేసరికి మూలకి మూల సూది మొనంత కూడా తప్పలేదు.

మాస్టరు లేచాడు. చూశాడు. కత్తెర వైపు చూశాడు. మళ్లీ వరసల వైపు చూశాడు. అప్పుడు నవ్వాడు.

"నేను మొదట్నుంచీ మొత్తుకుంటున్నది ఇదేగా! కానివ్వమ్మా. బొంత పూర్తయితే ఆ మిషను నీదే. ఒట్టు."

నలభై రోజులు ఆవిడ కిటికీ పక్కన కూర్చుంది. దారం ఎక్కించడానికి లేవాల్సిన పని లేకపోయింది. ఒకటి రెండు సార్లు పాట కూడా తీసింది. గొంతు ఘోరం, అయినా బొగ్గన్న ఆ తాళానికే పెట్టె తోమాడు.

టీచరమ్మ వచ్చింది. కళ్లజోడు మార్చి, తిరగేసి, మూలమూలా గిల్లి చూసింది. "ఈ పద్ధతి ఎవరు కనిపెట్టారు?"

"ముప్పై ఐదేళ్ల..." అని మొదలెట్టాడు మాస్టరు.

"మిమ్మల్ని కాదు." ఆవిడ బొగ్గన్న వైపు తిరిగింది. "నువ్వు చెప్పు. ఎవరు?"

గుండీలక్క మిషను ఆపింది. తలెత్తలేదు గానీ పాదం తొక్కడం ఆగిపోయింది. టీచరమ్మ వెనక నుంచి మాస్టరు కనుబొమలు ఎగరేశాడు. గుండీలక్క అన్న ఒక్క మాట చాలు. పొద్దున లేచి పిల్లి ముందు కూడా పులిలా కనబడాలనుకునే బొగ్గన్న, తీరా ఆ మాట అవసరమయ్యేసరికి కుక్కిన పేనయ్యాడు.

"మాస్టరేనండి."

మిషను మళ్లీ కదిలింది. బొగ్గన్నకి ఆకలి మాత్రం పోలేదు. సిగ్గుతో ఎవడి కడుపూ నిండదు.

మర్నాడు ఎండ కాసింది. కిటికీ మిషను మీద బామ్మర్ది కూర్చుని ఉన్నాడు. అతని పాత మిషను మీద బట్టల మూటలు.

"వాడు వెలుతురు కావాలన్నాడమ్మా. అయినా నువ్వెక్కి కూర్చుంటే గుండీలెవరు కుడతారు?" అన్నాడు మాస్టరు, టీచరమ్మ స్నేహితురాలు ఇచ్చిన రెండో బొంత గుడ్డ ఇరవై మడతలు పేరుస్తూ.

గుండీలక్క చాప మీద కూర్చుంది. పదకొండు చొక్కాలకి గుండీలు కుట్టింది. పన్నెండున్నరకి సూది చాపకి గుచ్చి, లేచి, అలమార మీంచి తన డబ్బా దించింది. గదంతా వినబడేలా మూత తీసింది. మాస్టరు కత్తెర గాల్లో ఆగిపోయింది. ఆవిడ తొందర లేకుండా తిన్నది, అడుగున అంటుకున్నది కూడా వేలితో గీరి తిన్నది. డబ్బా కడిగి, తుడిచి, సంచిలో పెట్టుకుంది. రోజూ పోయేటప్పుడు "వస్తానన్నా" అనేది. ఆ రోజు ఇస్త్రీ బల్ల పక్కనుంచే వెళ్లింది, చెప్పులు వేసుకుంది, ఎండలోకి దిగింది.

"టీకెళ్లిందేమోలే," అని మాస్టరు మళ్లీ కత్తెర ఆడించాడు. కింది మడతలు జారాయి.

గోడ గడియారంలో ఒంటిగంటకి పన్నెండు నిమిషాలుంది. బొగ్గన్న తన డబ్బా మీద చెయ్యి వేశాడు. మూత తియ్యలేదు.